కప్పు కొట్టకముందే స్టేడియం నిండింది: షికాగో బ్లాక్‌హాక్స్ కథ

నమస్తే అండీ. ఏదైనా టీమ్‌కి జనం రావట్లేదంటే చాలు, అందరి నోటా ఒకటే మాట: "ముందు గెలవమను, జనం వాళ్ళే వస్తారు." ఈ మాటలో సగమే నిజం ఉందని నేనంటాను. ఎందుకో చెప్పడానికి ఇవాళ మిమ్మల్ని షికాగో తీసుకెళ్తున్నా. ఆట ఐస్ హాకీ. హాకీ అనగానే మనకు టర్ఫ్, ఒలింపిక్స్ గుర్తొస్తాయి, ఇది అది కాదు. మంచు మీద స్కేట్లు కట్టుకుని, బంతికి బదులు పక్ అనే నల్ల రబ్బరు బిళ్ళతో ఆడేది. రూల్స్ తెలియకపోయినా ఏం ఫర్వాలేదు. ఇవాళ మనం చూసేది మంచు వైపు కాదు, సీట్ల వైపు.

టీమ్ పేరు షికాగో బ్లాక్‌హాక్స్. పుట్టింది 1926లో. అమెరికా, కెనడాల్లో ఐస్ హాకీకి పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, అందులో 'ఒరిజినల్ సిక్స్' అని పిలిచే ఆరు పాత జట్లలో ఇదొకటి. 1954 నుంచి విర్ట్జ్ కుటుంబం చేతిలో ఉంది. 1961లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కొట్టారు, ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా మళ్ళీ కప్పు ముఖం చూడలేదు. సరే, కప్పు రాని జట్లు చాలానే ఉంటాయి. కానీ వీళ్ళ పరిస్థితి ఎంత దిగజారిందో చూడండి. 2006-07 సీజన్‌లో, దాదాపు 20 వేల మంది పట్టే యునైటెడ్ సెంటర్‌లో మ్యాచ్‌కి సగటున 12,700 చిల్లర. లీగ్ మొత్తంలో కిందనుంచి రెండో స్థానం. అదీ పంచిన టికెట్ల లెక్కే, లోపల నిజంగా కూర్చున్న తలల లెక్క కాదు. సీజన్ టికెట్లు, అంటే ఏడాది హోమ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకేసారి కొనేవి, 3,400 దగ్గరికి పడిపోయాయి. అంతకుముందే, 2004లో, ఈఎస్‌పీఎన్ వాళ్ళు ప్రొఫెషనల్ క్రీడలన్నిటిలో అతి చెత్త ఫ్రాంచైజీ ఇదేనని తేల్చేశారు. తమాషా ఏంటంటే, అదే బిల్డింగ్‌లో బాస్కెట్‌బాల్ టీమ్ బుల్స్ ఆడితే మాత్రం కిటకిటే. అంటే ఊళ్ళో జనం లేక కాదు, పార్కింగ్ దొరక్కా కాదు.

మరి ఎందుకు? ఓడిపోతున్నారు, నిజమే. 1998 నుంచి 2008 వరకు ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది ఒక్కసారే, 2002లో. కానీ అసలు జబ్బు వేరే ఉంది. ఓనర్ బిల్ విర్ట్జ్ తన హోమ్ మ్యాచ్‌లను లోకల్ టీవీలో వేయనిచ్చేవాడు కాదు. బయట ఊళ్ళలో ఆడినవి వచ్చేవి, సొంత ఊళ్ళో ఆడినవి రావు! ఆయన చెప్పే కారణం: "డబ్బు పెట్టి సీజన్ టికెట్ కొన్నవాడికి అన్యాయం కదా, పక్కింటివాడు సోఫాలో కూర్చుని ఫ్రీగా చూస్తే?" ఈ మాట మనకేం కొత్త కాదు. సినిమా రిలీజైన నాలుగు వారాలకే ఓటీటీలో వేస్తే థియేటర్‌కి ఎవడొస్తాడు అని ఫిల్మ్ ఛాంబర్ ముందు ఎన్ని పంచాయితీలు చూడలేదు! అయితే సినిమా ఒకసారి చూస్తే అయిపోతుంది. టీమ్ అలా కాదు. ఏడాదికి నలభైకి పైగా హోమ్ మ్యాచ్‌లు ఉంటాయి, వాటికి పిల్లాడు చిన్నప్పుడే అలవాటు పడాలి. గోల్ పడగానే నాన్న సోఫాలోంచి ఎగిరి గంతేయడం చూసినవాడే, రేపు ఉద్యోగం వచ్చాక సీజన్ టికెట్ కొంటాడు. విర్ట్జ్ గారు టికెట్ కొన్నవాణ్ణి కాపాడబోయి, టికెట్ కొనబోయేవాణ్ణి తయారు కానివ్వలేదు. షికాగోలో ఒక తరం పిల్లలు టీవీ పెడితే బుల్స్‌లో మైకేల్ జోర్డాన్‌ని చూస్తూ పెరిగారు. హాకీ చూద్దామంటే తెర మీద లేదు.

దీనికి తోడు పిసినారి అన్న పేరు. జనం ఆయనకు పెట్టిన ముద్దుపేరు 'డాలర్ బిల్'. ఆ పేరు పడటానికి పెద్ద ఆధారం 1972 నాటిది. టీమ్‌కి ప్రాణం లాంటి బాబీ హల్‌ని, పోటీ లీగ్‌కి చెందిన విన్నిపెగ్ జెట్స్ వాళ్ళు పది లక్షల డాలర్ల బోనస్ ఇచ్చి ఎగరేసుకుపోయారు. తర్వాత తొంభైల్లో జెరెమీ రోనిక్, ఎడ్ బెల్ఫోర్, క్రిస్ చెలియోస్, జనం జెర్సీలు కొనుక్కున్న ప్రతివాణ్ణీ ఒకరి తర్వాత ఒకరిని వేరే టీమ్‌లకి ట్రేడ్ చేసేశారు. చెలియోస్ షికాగోలోనే పుట్టినవాడు. అతన్ని పంపింది ఎక్కడికి? డెట్రాయిట్‌కి, అంటే బద్ధశత్రువు ఇంటికి. చివరికి 2006లో పాతికేళ్ళుగా కామెంటరీ చెప్పిన ప్యాట్ ఫోలీ కూడా బయటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన వెళ్ళి చేరింది షికాగో వుల్వ్స్‌లో. 1994లో మొదలైన కింది స్థాయి జట్టు అది. టికెట్ చవక, మ్యాచ్‌లు టీవీలో వచ్చేవి. పైగా "మేం పాత పద్ధతిలో ఆడతాం, అంటే గెలుస్తాం" అన్న అర్థంలో బ్లాక్‌హాక్స్‌ని గిల్లుతూ ప్రకటనలు వేసుకునేది. చాలా కుటుంబాలు అటు మళ్ళాయి.

ఇక 2007 సెప్టెంబర్ 26న బిల్ విర్ట్జ్ చనిపోయారు. అక్టోబర్ 6న సొంత ఊళ్ళో మొదటి మ్యాచ్, ఎదురుగా డెట్రాయిట్. ఆట మొదలయ్యే ముందు జనరల్ మేనేజర్ డేల్ టాలన్ మైక్ పట్టుకుని, పోయిన ఓనర్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి మౌనం పాటిద్దామనుకున్నాడు. జనం వినలేదు. గ్యాలరీల్లోంచి బూ... అని అరుపులు. చనిపోయి పట్టుమని పది రోజులు కూడా దాటని మనిషి మీద అండీ! మన దగ్గరైతే శత్రువు పోయినా ఆ రోజుకి నోరు మూసుకుంటాం. నాకైతే అది నచ్చదు. కానీ మేనేజ్‌మెంట్ వైపు నుంచి చూస్తే ఆ అరుపుల్లో ఒక మంచి వార్త ఉంది. అలా అరిచినవాళ్ళు టికెట్ కొనుక్కుని లోపలికొచ్చినవాళ్ళు. నిజంగా పట్టించుకోవడం మానేసినవాడు ఇంట్లో కూర్చుంటాడు, బూ అనడానికి బస్సెక్కి రాడు.

పగ్గాలు పెద్దకొడుకు రాకీ విర్ట్జ్ చేతికొచ్చాయి. అప్పటిదాకా కుటుంబం లిక్కర్ వ్యాపారం చూసుకున్న మనిషి. ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి టీవీ వాళ్ళతో మాట్లాడటం. ఆ సీజన్ మధ్యలోనే కొన్ని హోమ్ మ్యాచ్‌లు టీవీలోకి వచ్చేశాయి, మరుసటి సీజన్‌కి మొత్తం 82 మ్యాచ్‌లూ. నాన్న ఎన్నో ఏళ్ళు పట్టుకు కూర్చున్న రూల్‌ని కొడుకు వారాల్లో తీసి పక్కన పెట్టాడు.

రెండో పని, నవంబర్‌లో జాన్ మెక్‌డొనా అనే ఆయన్ని ప్రెసిడెంట్‌గా తెచ్చుకోవడం. ఎక్కడి నుంచి? షికాగో కబ్స్ బేస్‌బాల్ టీమ్ నుంచి. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ఎత్తు ఇదే. ఎందుకంటే అప్పటికి కబ్స్ టైటిల్ గెలిచింది ఎప్పుడో తెలుసా? 1908లో! దాదాపు వందేళ్ళు గెలవకపోయినా ఏడాదికి 30 లక్షల మందిని తన మైదానం రిగ్లీ ఫీల్డ్‌కి రప్పించిన టీమ్ అది. గెలుపు లేకుండా జనాన్ని ఎలా నిలబెట్టుకోవాలో తెలిసిన మనిషి కావాలంటే దేశం మొత్తం వెతకక్కర్లేదు, పక్క వీధిలోనే ఉన్నాడు.

వాళ్ళు చేసినవి వింటే 'ఇంతేనా?' అనిపిస్తుంది. అలిగి వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పిలిచారు. 2008 మార్చిలో బాబీ హల్‌నీ, మరో పాత హీరో స్టాన్ మికీటానీ, కాస్త వెనకే గోల్‌కీపర్ టోనీ ఎస్పొసీటోనీ అంబాసిడర్లంటూ వెనక్కి తెచ్చారు. హల్ మీద గృహహింస ఆరోపణలు అప్పటికే బయట ఉన్నాయి. వాటిని చూడనట్టు ఊరుకున్నారు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. ప్యాట్ ఫోలీని మళ్ళీ మైక్ ముందు కూర్చోబెట్టారు. టీవీలో ఆ గొంతు వినబడగానే పాత అభిమానికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. 2008 జులైలో హిల్టన్ హోటల్లో అభిమానుల సదస్సు పెట్టారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ టీమ్ అయినా అలాంటిది పెట్టడం అదే మొదటిసారి. జులై అంటే ఎండాకాలం, ఐస్ హాకీ ఊసే ఉండని నెల! ఆటగాళ్ళు, పాత హీరోలు, ఓనర్ అందరూ ఒకే హోటల్లో, జనం చేతికందేంత దూరంలో. లేచి నిలబడి "ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎందుకలా చూశారు?" అని అడగొచ్చు. అడిగితే జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉన్నాడు. నా లెక్కలో పోస్టర్లూ, ఆఫర్లూ అన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు అసలు పాయింట్. యునైటెడ్ సెంటర్ హౌస్‌ఫుల్ పరంపర మొదలైంది 2008 మార్చి 30న. ఆ సీజన్‌లో టీమ్ ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్ళలేదు! 2009 జనవరి 1న డెట్రాయిట్‌తో రిగ్లీ ఫీల్డ్‌లో, ఆరుబయట, బేస్‌బాల్ మైదానం మధ్యలో రింక్ వేసి వింటర్ క్లాసిక్ ఆడారు. 40,818 మంది గడ్డకట్టే చలిలో కూర్చుని చూశారు. మ్యాచ్ 6-4తో ఓడిపోయారు. జనానికి అదేం పట్టలేదు. ఆ మ్యాచ్ కూడా కలుపుకుని 2008-09లో సగటు 22 వేలు దాటింది, లీగ్‌లో నంబర్ వన్. సీజన్ టికెట్లు 14 వేల దగ్గరికి చేరాయి. కప్పు వచ్చింది ఇవన్నీ అయ్యాక, 2010 జూన్ 9న, ఫిలడెల్ఫియాలో ప్యాట్రిక్ కేన్ ఓవర్‌టైమ్ గోల్‌తో. 49 ఏళ్ళ తర్వాత. ఆ పక్ నెట్‌లో ఎక్కడ దూరిందో చాలామందికి కనబడను కూడా లేదు. కేన్ ఒక్కడే చేతులు పైకెత్తి పరిగెత్తాడు, మిగతావాళ్ళు ఒక్క క్షణం తెల్లమొహం వేసుకుని చూశారు.

అయితే అంతా మార్కెటింగ్ మహిమే అని ఎవరైనా చెబితే నమ్మకండి. కేన్, జొనథన్ టేవ్స్ ఇద్దరూ 2007 అక్టోబర్‌లోనే జట్టులోకి వచ్చారు, ఒకడికి 18 ఏళ్ళు, ఒకడికి 19. వాళ్ళు దొరికింది కూడా టీమ్ అడుగున ఉండబట్టే. అమెరికా లీగుల్లో కొత్త కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు, ఓడినవాడికి అందులో ముందు వరస దొరుకుతుంది. టేవ్స్‌ని 2006లో మూడో పిక్‌గా, కేన్‌ని 2007లో మొదటి పిక్‌గా తీసుకున్నది పాత ఓనర్ ఉండగానే. కాబట్టి రాకీకి అదృష్టం కలిసొచ్చింది. కానీ ఆలోచించండి, టీవీ మూసేసి ఉంటే ఆ కుర్రాళ్ళ పేర్లు ఊళ్ళో ఎంతమందికి తెలిసేవి?

యునైటెడ్ సెంటర్‌లో ఒక అలవాటు ఉంది, మనకైతే వింతగా ఉంటుంది. జాతీయగీతం మొదలవగానే జనం నిశ్శబ్దంగా నిలబడరు, గొంతు చించుకుని అరుస్తారు. 1985 ప్లేఆఫ్స్ నాటి సంగతి, పాత షికాగో స్టేడియంలో మొదలైంది. గాయకుడి గొంతు ఆ హోరులో మునిగిపోతుంది. షికాగో శివార్లు నేపర్విల్, షాంబర్గ్‌లో మన తెలుగు కుటుంబాలు బోలెడు. ఎవరైనా మొదటిసారి వెళ్తుంటే ముందే చెప్తున్నా, కంగారు పడకండి, అది మర్యాద తప్పడం కాదు, అక్కడ మర్యాదే అది.

ఇప్పుడు చేదు భాగం. దీన్ని వదిలేసి గెలుపు కథ చెప్పడం సరికాదు. 2010 కప్ వేటలో ఉండగానే టీమ్ వీడియో కోచ్ తనపై లైంగిక దాడి చేశాడని ఆటగాడు కైల్ బీచ్ చెప్పాడు. పెద్దలకు తెలిసింది, మీటింగ్ పెట్టుకున్నారు, కప్ అయ్యేదాకా ఏ చర్యా తీసుకోలేదు. ఆ మీటింగ్‌లో కూర్చున్నవాళ్ళలో మెక్‌డొనా కూడా ఉన్నాడు. ఇదంతా 2021 అక్టోబర్‌లో లాయర్ల దర్యాప్తు రిపోర్టుతో బయటపడింది. లీగ్ 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది, జనరల్ మేనేజర్ స్టాన్ బోమన్ దిగిపోయాడు. 535 మ్యాచ్‌ల హౌస్‌ఫుల్ పరంపర తెగింది కూడా ఆ నెలలోనే. దానికి ఓటములూ, కోవిడ్ కూడా కారణమే, మొత్తం దీని మీదే వేయను. కానీ 2022 ఫిబ్రవరిలో సీజన్ టికెట్ వాళ్ళ ముందు జరిగిన సభ చూడండి. "ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఏం చేస్తున్నారు?" అని ఒక విలేకరి అడిగితే రాకీ విర్ట్జ్‌కి కోపం నషాళానికెక్కింది. ఆ సంగతి మాట్లాడం, అది మీకనవసరం అన్నట్టు కసిరాడు. పక్కన కొడుకు డానీ జవాబు చెప్పబోయినా చెప్పనివ్వలేదు. ఆ రాత్రే క్షమాపణ చెప్పాడు, అది వేరే విషయం. 2008లో హోటల్ తలుపులు తీసి "అడగండి" అన్నది ఈ మనిషే. జనం కొన్నది ఆ మాటనే, కేన్ గోల్ దాని మీద బోనస్.

మన దగ్గర సంగతి ఒక్క ముక్క. హాకీ ఇండియా లీగ్ 2024 చివర్లో మళ్ళీ మొదలైంది. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. కానీ ఆ సీజన్ పురుషుల మ్యాచ్‌లు జరిగింది రూర్కెలా, రాంచీల్లో. జెర్సీ మీద హైదరాబాద్ అని ఉంటుంది, హైదరాబాద్ కుర్రాడు మాత్రం ఆ టీమ్‌ని సొంత ఊళ్ళో చూడలేడు. లీగ్ నిలదొక్కుకునేదాకా ఖర్చు తగ్గించుకోవాలి, అర్థం చేసుకోగలను. కాకపోతే అభిమానులు ఏరీ అని మాత్రం అప్పుడే అడగకూడదు.

షికాగోలో ఇప్పుడేంటంటారా? 2023లో డ్రాఫ్ట్ వరస తేల్చే లాటరీ తగిలి కానర్ బెడార్డ్ అనే కుర్రాడు మొదటి పిక్‌గా దొరికాడు, టికెట్ కౌంటర్‌కి మళ్ళీ ఊపిరొచ్చింది. అదే ఏడాది జులైలో రాకీ పోయారు, కుర్చీ డానీది. 2024 అక్టోబర్‌లో బ్లాక్‌హాక్స్, బుల్స్, బేస్‌బాల్ టీమ్ వైట్ సాక్స్ కలిసి సొంత ఛానెల్ పెట్టుకున్నాయి. ఊళ్ళో పెద్ద కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్‌తో బేరం మాత్రం 2025 జూన్ దాకా తెగలేదు. సీజన్ మొత్తం ఆ కేబుల్ ఉన్న ఇళ్ళలో బెడార్డ్ ఆట రాలేదు. చూడాలంటే యాంటెన్నా కొనుక్కుని కిటికీలో పెట్టుకోవాల్సి వచ్చింది, లేదంటే యాప్‌కి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చింది. డానీ తాతగారు బిల్ విర్ట్జ్ పెట్టిన రూల్ లాంటిది కాదిది, బేరం కుదరకపోవడమే. ఇంట్లో పదేళ్ళ పిల్లాడికి ఆ తేడా ఎవరు చెప్తారు?