పికప్‌కు పికప్ లేదంటే

అందరికీ నమస్కారం.

ఈ బండితో మనకు ఒక తమాషా చిక్కు ఉంది. బండి పేరూ పికప్పే, అది వేగం అందుకోవడాన్నీ మనం పికప్పే అంటాం. అందుకే ఎవరైనా వచ్చి "పికప్‌కు పికప్ లేదండీ" అంటే ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత తల గోక్కోవాల్సి వస్తుంది. ఒంట్లో బాగాలేదు అన్నట్టే ఉంటుంది ఆ మాట. ఎక్కడ బాగాలేదో అందులో ఉండదు.

ఇవాళ నేను చెప్పబోయేది ఇరవై, ముప్ఫై ఏళ్లు తిరిగిన చిన్న పికప్‌ల గురించి. బానెట్ ఎత్తే ముందు యజమానిని కాస్త మాట్లాడించండి. ఎప్పటినుంచి ఇలా ఉంది? రాత్రికి రాత్రే వచ్చిందా, నెలల తరబడి తగ్గుతూ వచ్చిందా? చల్లగా ఉన్నప్పుడూ ఇంతేనా, వేడెక్కాకేనా? ఒక్క రోజులో వచ్చిందంటే ఏదో ఊడింది, విరిగింది, జారింది. మెల్లగా వచ్చిందంటే ఏదో మూసుకుపోతోంది, లేదా అరిగిపోతోంది. ఈ ఒక్క జవాబుతోనే వెతకాల్సిన చోట్లు సగానికి తగ్గుతాయి.

ఇంకో ప్రశ్న అడగడానికి మొహమాటంగా ఉంటుంది గానీ అడగాలి. అసలు ఈ బండికి ఎప్పుడైనా పికప్ ఉందా? టయోటా పాత పికప్‌లలో ఎంతో పేరున్న 22ఆర్‌-ఈ ఇంజిన్ తీసుకోండి. 2366 సీసీ, దాదాపు 115 హార్స్‌పవర్. మొండి ఇంజినే, కానీ పరుగు పందేల కోసం చేసింది కాదు. ఇప్పటి కారు దిగి వచ్చి దీన్ని నడిపితే మందంగానే అనిపిస్తుంది. దానికి రిపేరు లేదు.

టైర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 27 అంగుళాల టైర్లున్న బండికి అందంగా ఉంటుందని 31 అంగుళాలవి వేయిస్తారు. అంటే గేర్లన్నీ 15 శాతం బరువెక్కినట్టే లెక్క. చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఆ చుట్టు తిప్పడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి. పైగా గేర్ బాక్సు నుంచి లెక్క తీసుకునే స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే బండి నిజానికి 69లో పోతుంటుంది. యజమానేమో "60 అందుకోవడానికే ఇంతసేపా" అని బాధపడుతుంటాడు. ఇంజిన్ విప్పినా అక్కడ దొరికేదేమీ ఉండదు.

సరే, నిజంగానే శక్తి తగ్గిందనుకుందాం. అది మూడు చోట్ల పోవచ్చు. ఇంజిన్‌లో పుట్టకపోవచ్చు. పుట్టినా చక్రం దాకా చేరకపోవచ్చు. చేరినా ఏదో వెనక్కి పట్టి లాగుతుండవచ్చు. మనవాళ్లు నేరుగా మొదటిదాని మీద పడతారు. నేను చివరిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి స్పానర్ కూడా అక్కర్లేదు.

బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ పది కిలోమీటర్లు నడపండి. ఆపి, ఒక్కో చక్రం దగ్గర చేతి వెనకవైపు పెట్టి చూడండి. తాకొద్దు, దగ్గర పెడితే చాలు. నాలుగింట్లో ఒక్కటి భగ్గుమంటుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. జాకీ ఎత్తి ఆ చక్రం తిప్పండి. తిరగకపోతే ఆ బ్రేకు బ్లీడర్ స్క్రూ కాస్త వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా, తప్పు ఒత్తిడి తిరిగి రాకపోవడంలో ఉంది. పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బిపోతే పెడల్ బలానికి ఆయిల్ లోపలికి వెళ్తుంది, తిరిగి రాదు. పైకి చూస్తే హోస్ చక్కగానే ఉంటుంది. స్క్రూ వదిలినా చక్రం కదలకపోతే తుప్పు పట్టిన హ్యాండ్‌బ్రేక్ కేబుల్, బిగుసుకున్న పిస్టన్, లేదా మరీ బిగించేసిన డ్రమ్ము షూలు.

క్లచ్ పరీక్ష ఇంకా చిన్నది. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో టాప్ గేర్ వేసి యాక్సిలరేటర్ పెడల్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ మోత పైకి పోయి వేగం అక్కడే ఉంటే ప్లేటు జారుతోంది. మోతా వేగమూ కలిసి మెల్లగా పెరుగుతుంటే క్లచ్ జోలికి పోవద్దు.

ఇప్పుడు ఇంజిన్. ఇక్కడ నా పరువు నేనే తీసుకుంటాను. పని నేర్చుకునే రోజుల్లో ఒక బండికి కార్బొరేటర్ విప్పి, కడిగి, జెట్లు ఊది, మళ్లీ బిగించి, ఒకటిన్నర రోజు పోగొట్టాను. యజమాని కొత్తగా వేయించుకున్న మందపాటి మ్యాట్ పెడల్‌ను సగంలోనే ఆపేస్తోంది! అప్పటి నుంచి నా మొదటి పని ఒకటే. ఇంజిన్ ఆపి, ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని, నేను టార్చి వేసి, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ ప్లేటు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూస్తాను. కేబుల్ సాగినా ఇక్కడే తెలిసిపోతుంది. ఏర్ ఫిల్టర్ కూడా అప్పుడే తీసి చూడండి. ఎలుక గూడు దొరికినా ఆశ్చర్యపోకండి.

అసలు మెలిక ఏమిటంటే, ఇలాంటి బండి షెడ్డులో నిలబెడితే బుద్ధిగా ఉంటుంది. ఐడిల్‌లో, అంటే పెడల్ తొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, ఇంజిన్‌కు కావాల్సిన పెట్రోలు చాలా కొంచెం. ఫిల్టర్ ముప్పావు వంతు మూసుకుపోయినా ఆ కొంచెం వచ్చేస్తుంది. అక్కడే నిలబెట్టి రేస్ ఇచ్చినా మోత బాగానే ఉంటుంది. లోడు వేసి ఎత్తు ఎక్కిస్తేనే కరువు బయటపడుతుంది. కాబట్టి ఫ్యూయల్ ప్రెషర్ గేజిని కూడా నడిచే బండి మీదే చదవాలి. పొడవాటి గొట్టంతో గేజిని అద్దానికి బయటివైపు టేపు వేసి అంటించండి. పెట్రోలు గొట్టాన్ని మాత్రం క్యాబిన్ లోపలికి తేవద్దు. కార్బొరేటర్ బండ్లలో 4 నుంచి 7 పీఎస్‌ఐ సరిపోతుంది, ఇంజెక్టర్లున్న చాలా వాటికి 40 పైచిలుకు కావాలి. అసలు అంకె మాన్యువల్‌లోదే. ఎత్తులో ముల్లు జారుతోందంటే ముందు ఫిల్టర్, తర్వాత పంపు, పంపుకు వచ్చే కరెంటు.

కాసేపు నడిచి దమ్ము పోయి, పక్కన ఆపి పది నిమిషాలకు స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచే బండ్లున్నాయి. దయ్యం పట్టిందంటారు. ట్యాంకు అడుగున చెత్త పంపు జల్లెడకు అంటుకుంటుంది, ఇంజిన్ ఆపగానే పీల్పు ఆగి చెత్త రాలిపోతుంది. ట్యాంకు దించి కడిగితే దయ్యం వదులుతుంది.

డీజిల్ బండి అయితే పొగ చూడండి. లాగకుండా నల్ల పొగ కక్కుతుంటే చాలాసార్లు డీజిల్ ఉంది, గాలి చాలట్లేదు. పొగా లేదు, లాగుడూ లేదంటే డీజిల్ అందట్లేదు. ఫిల్టర్‌లో చేరిన నీళ్లు బయటికి వదిలేయండి. పంపుకు ముందు ఒక జానెడు పారదర్శక గొట్టం తగిలించి చూడండి. బుడగలు వరసగా పోతుంటే ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో గాలి పీల్చుకుంటోంది.

అమెరికాలో అమ్మే చిన్న వాహనాలకు 1996 నుంచి ఓబీడీ-2 తప్పనిసరి, అంటే బండి కంప్యూటర్ తన తప్పులు తానే చెప్పే పద్ధతి. అలాంటి బండి దొరికితే స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ చదవండి, అంటే కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం కలుపుతోందో, తగ్గిస్తోందో. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి రేస్ ఇస్తే తగ్గితే వాక్యూమ్ లీకు, ఎక్కడో దొంగగాలి చొరబడుతోంది. ఐడిల్‌లో మామూలుగా ఉండి లోడులో పైకి ఎక్కితే పెట్రోలు చాలట్లేదు, లేదా గాలి కొలిచే సెన్సర్ మురికి పట్టి తక్కువ చెబుతోంది. ఇంకా పాతవైతే, స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైటు వేయండి. రేస్ పెరిగే కొద్దీ గుర్తు ముందుకు జరగాలి. జరగకపోతే డిస్ట్రిబ్యూటర్‌లో బరువులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. ప్లగ్గులు, వైర్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

చాలామంది చివరిదాకా అనుమానించనిది సైలెన్సర్ వరస. ఇంజిన్ ఊపిరి వదల్లేకపోతే పీల్చనూ లేదు. ఒక బండికి రెండుసార్లు పంపు మార్చి నా దగ్గరకు తెచ్చారు. ఊళ్లో బాగుంటుంది, పెద్ద రోడ్డెక్కి తొక్కితే 60 దాటదు. ఇంజిన్ గాలి పీల్చే మేనిఫోల్డ్‌కు, ఆ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజి పెట్టాను. ఐడిల్‌లో పాదరసం లెక్కన 18 అంగుళాలు, తప్పు పట్టడానికి లేదు. సముద్ర మట్టం దగ్గర 17 నుంచి 21 మధ్య ఉంటే ఆరోగ్యమే, వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక అంగుళం తగ్గించుకోవాలి. రేస్ నిమిషానికి 2500 చుట్లకు పెంచి అక్కడే పట్టుకున్నాను. ముల్లు 18కి తిరిగొచ్చి, ఆగి, జారడం మొదలుపెట్టింది. 16... 14... 11. పొగ వెనక్కి పేరుకుంటోంది. ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగిస్తే 7 పీఎస్‌ఐ చూపించింది. మామూలుగా 3 దాటకూడదు. చల్లారాక, పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో తడితే డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు. లోపలి సెరామిక్ ముక్కలైంది. గాలి తక్కువ ఉన్నప్పుడు ముక్కలు కింద పడి ఉంటాయి, తొక్కగానే కొట్టుకుపోయి దారికి అడ్డం పడతాయి.

కొత్తది వేసి పంపేయాలనిపిస్తుంది. పంపలేదు. సెరామిక్ ఊరికే పగలదు. చూస్తే మూడో సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది, మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతోంది. ఆ సిలిండర్ ఇంజెక్టర్ సరిచేయకపోతే కొత్త కన్వర్టర్‌కూ అదే గతి పట్టేది.

ఇక "బోర్ అయిపోయింది", అంటే సిలిండర్లు అరిగిపోయాయి, అనే తీర్పు. నిజంగా అయిపోయిన ఇంజిన్లూ ఉంటాయి, కానీ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో, చూడకుండా ఆ మాట అనకండి. అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవండి. పెట్రోలు ఇంజిన్‌లో ఒక సిలిండర్ 160 పీఎస్‌ఐ చూపించి పక్కది 100 చూపిస్తే, ఆ తక్కువదానిలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ముందు వాల్వు క్లియరెన్స్ చూసుకోండి, సందు తగ్గి పూర్తిగా మూసుకోని వాల్వు కూడా ఇలాగే మోసం చేస్తుంది. అన్నీ సమానంగా తక్కువ వస్తే టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందేమో చూడాలి.

గేజిలు తెచ్చాను. బయట ఒక పికప్ ఉంది, దాని జబ్బేమిటో నాకూ చెప్పలేదు. ఇప్పుడే పది కిలోమీటర్లు తిరిగి వచ్చింది. చక్రాలు చల్లారకముందే వెళ్దాం, రండి.