చిన్న ఎముక దొరికితే పెంపుడు పిల్లేనా?

యాంకర్: హలో, చెప్పండి మేడమ్, లైన్‌లో ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. ఆర్కియాలజీలో రీసెర్చ్ చేస్తున్నాను సర్. తవ్వకంలో పాత చెత్తగుంటలో పిల్లి ఎముకలు రెండు దొరికాయి, సగం దవడ, ఒక తొడ ఎముక. చిన్నగా ఉన్నాయి కాబట్టి పెంపుడు పిల్లి అని రాసేయమంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

నిపుణుడు: అప్పుడే రాయకండమ్మా. తొడ ఎముక కింది కొన ఎలా ఉంది?

శ్రోత: కొన లేదు సర్. ఆ చోట గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంది.

నిపుణుడు: విరిగితే అంచు పదునుగా ఉంటుంది. ఎదిగే వయసులో ఎముక కొన విడి ముక్కగా ఉండి, పెద్దయ్యాక అతుక్కుంటుంది. మీరు చెప్పేదాన్ని బట్టి కొన ఇంకా అతుక్కోలేదు, అంటే అది ఎదుగుతున్న పిల్ల. అడవిదైనా పిల్ల ఎముక చిన్నదేగా! పెద్దవాటిలోనూ ఆడ అడవిపిల్లి, మగ పెంపుడు పిల్లి కొలతలు కలిసిపోతాయి.

యాంకర్: పుర్రె దొరికితే తేలుతుందా సర్?

నిపుణుడు: యూరప్ అడవిపిల్లికైతే షావెన్‌బర్గ్ సూచిక ఉంది. పుర్రె పొడవును మిల్లీమీటర్లలో, మెదడు గదిని ఘన సెంటీమీటర్లలో కొలిచి భాగిస్తే, 2.75 కంటే తక్కువ వస్తే అడవిది. కానీ తవ్వకాల్లో పుర్రె పగలకుండా దొరకడం అరుదు. పైగా పెంపుడు పిల్లులకు మూలం ఆఫ్రికా అడవిపిల్లి. దానికీ తొలినాటి పెంపుడు పిల్లికీ ఎముకల్లో తేడా చాలా తక్కువ.

శ్రోత: మరి నా దవడ సంగతి?

నిపుణుడు: మీ దగ్గరున్న వాటిలో విలువైనది అదే. చైనాలోని చ్వాన్‌హుత్సున్‌లో సుమారు 5,300 ఏళ్ల నాటి పిల్లి ఎముకలు దొరికాయి. ధాన్యం తిన్న ఎలుకల్ని అవి తిన్నట్టు ఐసోటోప్ పరీక్షలు, అంటే ఎముకల్లోని రసాయన గుర్తుల్ని బట్టి తిండిని అంచనా వేసే పరీక్షలు, సూచించాయి. పెంపుడువేమో అనుకున్నారు. 2016లో దవడల ఆకారాన్ని కొలిచి చూస్తే లెపర్డ్ క్యాట్, అంటే ఆసియాలోని మచ్చల చిన్న అడవిపిల్లి! అసలు ఆఫ్రికా అడవిపిల్లి వంశమే కాదు. ఊరి ఎలుకల్ని తిన్నంత మాత్రాన పెంపుడుదైపోదమ్మా.

సైప్రస్‌లో దీనికి ఎదురు. అక్కడ 9,500 ఏళ్ల కిందట ఒక మనిషి సమాధికి 40 సెంటీమీటర్ల దూరంలో పిల్లిని పూడ్చారు. ఎముకలు చూస్తే అడవిపిల్లి లాగే పెద్దవి. కానీ ఆ దీవిలో సహజంగా పిల్లులే లేవు, మనుషులే పడవలో తెచ్చి ఉండాలి. అక్కడ ఎముక కంటే అది దొరికిన చోటే ఎక్కువ చెప్పింది.

శ్రోత: నాది చెత్తగుంట సర్.

నిపుణుడు: అందుకే దవడ మీద సన్నటి కత్తిగాట్లు ఉన్నాయేమో భూతద్దంతో వెతకండి. చర్మం కోసం ఒలిచినప్పుడు అవి పడతాయి. అడవిపిల్లినీ ఒలుస్తారు, పెంపుడుదాన్నీ ఒలుస్తారు, కాబట్టి గాట్లు చూసి కూడా తేల్చేయకండి. గ్లౌజులు వేసుకోండి, పంటిని డీఎన్ఏ కోసం విడిగా దాచండి. రిపోర్టులో ‘చిన్న జాతి పిల్లి, ఎదిగే వయసు, అడవిదో పెంపుడుదో తేలలేదు’ అని రాయండి. ఎవరైనా అడిగితే తొడ ఎముకలో కొన లేని ఆ గరుకు చోటు ఫొటో చూపించండి.