గుంట కాపలా కాసేవాళ్ల నిద్ర గురించి

[రాత్రి. రొయ్యల గుంట. చీకట్లో ఏరియేటర్ల చప్పుడు. టార్చిలైటు వెలుతురు నీళ్ల మీద.]

టైము తెల్లారుజామున మూడున్నర. నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో మా చిన్నాయన రొయ్యల గుంట కట్ట మీద నిలబడి మాట్లాడుతున్నా. ఈ టైములో ఇక్కడ ఎవరూ ఎందుకు పడుకోరో గుంటలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదుల్తుంది, చీకటి పడ్డాక ఆ నాచూ పీల్చుకునేదే, రొయ్యా పీల్చుకునేదే, దాంతో తెల్లారే ముందుకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు కరెంటు మీద నడుస్తాయి. అప్పుడు కరెంటు పోయి, జనరేటర్ వేయాల్సిన మనిషి కునుకు తీస్తే పంట పోయినట్టే.

సరిగ్గా ఇదే టైముకి మనిషి ఒంట్లో కూడా చురుకు బాగా తగ్గిపోతుంది. దాన్ని బద్ధకం అనకండి. ఒంట్లో ఒక గడియారం ఉంది, అది లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు నోబెల్ ఇచ్చారు. ఆ గడియారం మూడు నుంచి అయిదు మధ్యలో పడుకోమంటుంది, మనమేమో కట్ట మీద తిరుగుతుంటాం.

[తెల్లారింది. కాలువ పక్కన రోడ్డు. చప్టా దగ్గర కెమెరా ఆగుతుంది.]

పోయిన వేసవిలో మా చిన్నాయన రాత్రంతా కాపలా కాసి, పొద్దున ఆరింటికి బండి మీద ఇంటికొస్తా ఇదిగో, ఈ చప్టా దాటాక నేరుగా కాలువలోకి పోయాడు. నీళ్లు లేవు కాబట్టి మోచెయ్యి చీరుకుపోవడంతో సరిపోయింది. నేను పరిగెత్తుకొచ్చేసరికి గట్టు మీద కూర్చుని "ఏంలేదబ్బయ్యా, రెప్ప వాలిందంతే" అన్నాడు. ఆ రెప్ప వాలడం గురించే ఈ వీడియో. నలభై స్పీడులో పోయే బండి సెకనుకి పదకొండు మీటర్లు పోతుంది, మూడు సెకన్లు కళ్లు మూతపడితే ముప్పై మీటర్ల పైన మీరు లేకుండానే బండి పోయినట్టు.

ఆస్ట్రేలియా పరిశోధకులు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. 17 నుంచి 19 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి కొన్ని పరీక్షల్లో, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలాగానో అంతకన్నా అధ్వాన్నంగానో చేశాడు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. పొద్దున ఆరింటికి లేచినవాడికి రాత్రి పదకొండుకే 17 గంటలు అవుతాయి, మరి మా చిన్నాయన మర్నాడు ఆరింటికి బండెక్కాడు. చుక్క ముట్టని మనిషి.

[స్టీలు గ్లాసులో టీ.]

టీ తాగితే సరిపోదా అంటారు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది, గుంట అడుగున బురద పేరుకున్నట్టు. నిద్రమత్తు తెప్పించేది అదే, నిద్రపోతేనే తగ్గుతుంది. టీలో ఉన్న కెఫీన్ ఆ అడెనోసిన్ పనిచేసే చోటుని ఆక్రమించుకుని కూర్చుంటుంది, అంతే, పేరుకున్నది ఎక్కడికీ పోదు. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగిన టీ, మీరు ఏడింటికి మంచమెక్కినా నిద్ర పట్టనివ్వదు.

పనికొచ్చేది కునుకు. నాసా వాళ్లు దూర ప్రయాణాల పైలట్లకి విమానంలోనే, ఇంకొకరు నడుపుతుండగా, 40 నిమిషాలు విశ్రాంతి ఇచ్చి చూశారు. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, దిగే ముందు చివరి గంటన్నరలో, పడుకోని పైలట్ల కన్నా బాగా మెలకువగా ఉన్నారు. అందుకని ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకోండి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, మధ్యలో లేపితే తల దిమ్మెక్కి ఉంటుంది. రాత్రి కాపలా ఉందనుకోండి, మధ్యాహ్నం గంటన్నర పడుకుని పోండి, తేలిక నిద్రలోంచి గాఢనిద్రలోకి పోయి మళ్లీ తేలిక నిద్రకి వచ్చే ఒక చుట్టు దాదాపు అంత ఉంటుంది. రాత్రి మామూలుగా పడుకునేవాళ్లు మాత్రం మధ్యాహ్నం మూడు దాటాక కునుకు తీయొద్దు, రాత్రి నిద్ర చెడుతుంది.

కునుకుతో రోజు గడుస్తుంది గానీ, పెద్దవాళ్లకి రోజుకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. గాఢనిద్రలో ఒళ్లు బాగుపడుతుంది, చదివింది మెదడులో నిలబడేదీ నిద్రలోనే. నెల్లూరులో హాస్టళ్లలో పిల్లల్ని పదకొండు దాకా చదివించి నాలుగున్నరకి లేపేవాళ్లకి దండం పెట్టి చెప్తున్నా, ఆ వయసుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి, అయిదున్నర గంటలతో లేపితే చదివిన చదువే కారిపోతుంది.

రాత్రి డ్యూటీ వాళ్లు పగలు పడుకునేటప్పుడు కిటికీకి మందం దుప్పటి కట్టండి, వెలుతురు పడితే ఒంట్లో గడియారం లేచి కూర్చుంటుంది. ఫోను పక్క గదిలో పెట్టండి.

[మధ్యాహ్నం. గుంట దగ్గర షెడ్డు. నవ్వారు మంచం.]

మా చిన్నాయన ఇప్పుడు పక్క గుంట అన్నతో రాత్రిని పంచుకున్నాడు, ఒంటిగంటన్నర దాకా ఈయన, తర్వాత ఆయన. తెల్లారి బండి నడపడు, నేనే వెళ్లి ఎక్కించుకొస్తా. ఇవాళ ఎందుకో కాపలా మొత్తం తనదే, అందుకే ఇంత ఎండలో పడుకున్నాడు, మొహం మీద తువ్వాలు. గంటన్నరకి అలారం నా ఫోనులో పెట్టా. నేను కూడా ఇక్కడితో కెమెరా ఆపేస్తా, చప్పుడైతే లేస్తాడు.