పుట్టకుండానే ఆగిపోయిన యాప్ గురించి కోర్టులో ఎవరు చెప్పాలి?

(తెరపై: కొత్త ఫోన్. ఒక వేలు సెర్చ్ పెట్టెను తాకుతుంది.)

కొత్త ఫోన్ ఆన్ చేయగానే ఏదో ఒకటి వెతుకుతాం. ఏ సెర్చ్ ఇంజిన్‌లో వెతికామో చాలామందిమి చూసుకోం. ముందే పెట్టి ఉన్నదాన్నే వాడేస్తాం. ఆ చోటు కోసం ఫోన్ కంపెనీలకు, బ్రౌజర్లకు గూగుల్ 2021 ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు ఇచ్చింది. అమెరికా కోర్టులో బయటపడిన లెక్క ఇది.

మనకైతే సెర్చ్ ఉచితమే. చిక్కంతా అక్కడే ఉంది. గుత్తాధిపత్యం వల్ల నష్టం జరిగిందా అని చూడాలంటే పోటీ చట్టం ఎక్కువగా ధరనే చూస్తూ వచ్చింది. ధరే లేనప్పుడు నష్టాన్ని ఎక్కడ వెతకాలి? ఇంతకంటే మంచి సెర్చ్‌ను ఎవరో తయారుచేసి ఉండేవారేమో, వాళ్లకు చోటు దొరకలేదేమో. అసలు పుట్టని వస్తువును జడ్జి ముందు ఎలా పెడతాం?

(తెరపై: 2012)

ఇన్‌స్టాగ్రామ్‌నే చూడండి. అప్పటికి అందులో పనిచేసేది 13 మంది, ఆదాయం సున్నా. ఫేస్‌బుక్ దాన్ని 100 కోట్ల డాలర్లకు కొంటానంటే అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ అడ్డు చెప్పలేదు. అదే ఎఫ్‌టీసీ 2020లో ఫేస్‌బుక్‌పై కేసు వేసి, 2025 నవంబరులో ఓడిపోయింది. ఇప్పుడు టిక్‌టాక్, యూట్యూబ్ పోటీలో ఉన్నాయి కాబట్టి మెటాది (ఫేస్‌బుక్ కంపెనీకి ఇప్పటి పేరు) గుత్తాధిపత్యం కాదని తీర్పు వచ్చింది. జడ్జిని నేను తప్పుపట్టను, ఆయన ముందున్నది ఇప్పటి మార్కెట్. కానీ ఇన్‌స్టాగ్రామ్ విడిగా ఉండి ఉంటే ఏమయ్యేదో ఇక ఎప్పటికీ తెలియదు. అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అందుకే యూరప్ ముందే గీత గీసింది. డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ కింద పెద్ద ప్లాట్‌ఫామ్‌లను 'గేట్‌కీపర్లు'గా ప్రకటించి, 2024 మార్చి నుంచి నిబంధనలు అమలు చేస్తోంది. సొంత సేవలను సెర్చ్ ఫలితాల్లో పైకి నెట్టకూడదు. వేరే యాప్ స్టోర్లనూ రానివ్వాలి. మీరితే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10% దాకా జరిమానా.

దీనివల్ల కొత్తవి రావడం ఆలస్యమవుతుందంటారు. అది నిజమే. 2023 జులైలో వచ్చిన మెటా వారి థ్రెడ్స్ యాప్, యూరోపియన్ యూనియన్‌లో డిసెంబరు దాకా రాలేదు. అయితే ఒక పాత కథ విన్నాక మీరే తూచి చూడండి.

(తెరపై: నలుపు తెలుపుల్లో పాత డయల్ ఫోన్)

అమెరికాలో ఏటీ అండ్ టీ అనే కంపెనీ ఫోన్ లైన్‌కు బయటివాళ్ల పరికరం ఏదీ తగిలించకూడదనేవారు. టెక్సాస్‌లో థామస్ కార్టర్ అనే ఆయన ఒక చిన్న పెట్టె చేశాడు. ఫోన్ రిసీవర్‌ను దానిమీద పెడితే చాలు, ఎక్కడో ఊరవతల రేడియో పట్టుకున్న మనిషితో మాట్లాడొచ్చు. లైన్‌కు వైరు కూడా కలిపేది కాదు. అయినా కుదరదంది కంపెనీ. 1968లో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ నిషేధాన్ని కొట్టేసింది. బయటివాళ్లు చేసిన ఆన్సరింగ్ మెషీన్లు, ఫ్యాక్స్‌లు, కంప్యూటర్‌ను ఫోన్ లైన్‌కు కలిపే మోడెమ్‌లు ఆ లైన్‌లోకి వచ్చాయి. తర్వాత ఇళ్లలోకి ఇంటర్నెట్ వచ్చింది ఆ మోడెమ్‌ల మీదే.