తిమింగలాలా, థర్మామీటరా? చర్చా కార్యక్రమం పాఠం

సమన్వయకర్త: సముద్రపు వేడిని ధ్వనితో కొలవాలన్న వాదన మళ్లీ రాజుకుంది. అందరికీ సమాన సమయం ఇస్తాం. ఇంజనీరు గారూ, ఇదంతా జలాంతర్గాముల వేట కోసమేనా?

ఇంజనీరు: కాదండీ. నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ఆ వేగం 4 మీటర్లకు పైగా పెరుగుతుంది. ధ్వని ఎంత ముందు చేరిందో చూస్తే దారి పొడవునా సగటు వేడి తెలుస్తుంది. 1991లో దక్షిణ హిందూ మహాసముద్రంలోని హర్డ్ ద్వీపం దగ్గర 57 హెర్ట్జ్ ధ్వని పంపితే...

జీవశాస్త్రవేత్త: 220 డెసిబెల్స్! ఆ సంఖ్య ముందు చెప్పండి.

ఇంజనీరు: నన్ను పూర్తి చేయనివ్వండి. నీటి డెసిబెల్ వేరు, గాలి డెసిబెల్ వేరు. తీవ్రత పోల్చాలంటే నీటి సంఖ్యలోంచి 62 తీసేయాలి. ఆ తర్వాత కాలిఫోర్నియా దగ్గర, హవాయిలోని కవాయి ద్వీపం దగ్గర పెట్టిన 75 హెర్ట్జ్ స్పీకర్లు 195 డెసిబెల్సే. అంటే సుమారు 250 వాట్లు.

సమన్వయకర్త: 250 వాట్లతో సముద్రం దాటితే నౌకాదళం ఊరుకుంటుందా?

ఇంజనీరు: దూరాన అది రొదలో మునిగిపోతుందండీ! అందుకే 1,023 అంకెల సంకేతాన్ని, ధ్వని దశ, అంటే అల ఎత్తుపల్లాల స్థానం, మారుస్తూ, ఆపకుండా తిప్పి తిప్పి పంపుతాం. ఒక్కో చుట్టు 27 సెకన్లు. అవతల హైడ్రోఫోన్, అంటే నీటి మైకు, రికార్డు మీద అదే సంకేతాన్ని జరుపుతూ పోతే, రెండూ కుదిరిన క్షణాన శిఖరం లేస్తుంది. రొద మీద 30 డెసిబెల్స్ లాభం! అరవనక్కరలేదు, ఓపిక చాలు.

సముద్ర శాస్త్రవేత్త: ఆ ఓపికకూ హద్దుంది. నీటి పొరల మధ్య పుట్టే లోపలి అలలు ధ్వని దారిని కదిలిస్తుంటాయి. కొన్ని నిమిషాలు దాటితే దశ చెదిరి, చుట్లన్నీ కలిపే కూడిక...

ఇంజనీరు: అది చిన్న విషయం! ఓపిక చాలంటున్నాను కదా.

(చిన్న విషయమేమీ కాదు. అయినా ఎవరూ ఆగి వినలేదు.)

జీవశాస్త్రవేత్త: మీ లాభం మీ కంప్యూటర్లో. తిమింగలానికి ఏం లాభం? హర్డ్ దగ్గర ప్రసారాలు సాగిన రోజుల్లో స్పెర్మ్ తిమింగలాల క్లిక్కులు వినిపించలేదు. ఆగిన 48 గంటల్లోపు మళ్లీ మొదలయ్యాయి.

ఇంజనీరు: అది 220! నేను చెబుతున్నది 195! ఓడల రొద మాట ఎవరూ ఎత్తరేం?

సమన్వయకర్త: ఓడలంటే గుర్తొచ్చింది, జలాంతర్గాములు...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

సమన్వయకర్త: సమయం అయిపోయింది. చివరి మాట ఇంజనీరు గారిదే.

జీవశాస్త్రవేత్త: నా ప్రశ్నకు జవాబు...

ఇంజనీరు: మళ్లీ చెబుతాను, 30 డెసిబెల్స్...