తీగ వదులైతే గర్జన రాదు: హెవీ మెటల్ డాక్యుమెంటరీపై వరంగల్ స్టూడియో చర్చ

యాంకర్: కెనడా మానవశాస్త్రవేత్త శామ్ డన్ మరో ఇద్దరితో కలిసి 2005లో తీసిన ‘మెటల్: ఎ హెడ్‌బ్యాంగర్స్ జర్నీ’ మీద ఈ పూట మాట్లాడుకుందాం. అందులో ‘దయ్యం స్వరం’ అన్న మాట వస్తుంది. ఏమిటది మేడమ్?

సంగీత అధ్యాపకురాలు: మన లెక్కలో అది ప్రతి మధ్యమం. సప్తకంలోని పన్నెండు మెట్లలో షడ్జానికి ఆరు మెట్లు పైన. హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. అందులో బ్యాండ్ పేరే పెట్టుకున్న పాటకు మూడే స్వరాలు ఆధారం: షడ్జం, పై షడ్జం, అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం. కల్యాణి పాడేవాళ్లకు రోజూ తగిలే స్వరమే ఇది. అక్కడ గాంధారం, పంచమం పక్కన ఉండి దాన్ని మెత్తబరుస్తాయి. ఇక్కడ తోడు లేకుండా వదిలేశారు, పైగా నిదానంగా. గుండె జల్లుమనేది అందుకే. చర్చి దీన్ని నిషేధించిందని చెప్పుకుంటారు గానీ దానికి చారిత్రక ఆధారం లేదు.

యాంకర్: మరి ఆ శబ్దంలో బరువు ఎక్కడిది?

గిటార్ టెక్నీషియన్: బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ చెయ్యి నుంచి, సార్. 1965ల బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీల ఆయన కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగినయ్. ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే చేతికే దెబ్బ తగిలింది. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నడు, పైన తోలు అంటించిండు, సన్న తీగలు వేసిండు. 1971 నాటికి కొన్ని పాటలకు శ్రుతిని మూడు మెట్లు దించిండు, దాంతో శబ్దం ఇంకా బరువెక్కింది.

మన పిల్లలు తప్పేది ఇక్కడనే. 9–42 సన్న తీగల సెట్టు (అంగుళంల వెయ్యో వంతుల్ల సన్న తీగ, లావు తీగ మందం) మీదనే మూడు మెట్లు దించుతరు. వానకు తడిసిన డప్పు లెక్క తీగ జారిపోతది, ఫ్రెట్ల (మెడ మీది లోహపు అడ్డ కమ్మీల) మీద గరగరమంటది, గట్టిగ కొడితే శ్రుతి పైకి ఎగురుతది. 11–54 వేయాలె. లావు తీగ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిల ఇరుక్కుంటే గాడి కొంచెం వెడల్పు చేయాలె. మెడ వంగితే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీని) పావు చుట్టు తిప్పి ఆగి చూడాలె, ఒక్కసారే తిప్పొద్దు. ఆఖర్న పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండ తాకి పలికించే స్వరం) ఒక్కటిగ పలకాలె. పలకకుంటే బ్రిడ్జి మీద సాడిల్ (కింది కొసన తీగ ఆనే ముక్క) జరపాలె.

యాంకర్: రికార్డింగ్‌లో?

సౌండ్ రికార్డిస్ట్: ఇలాంటి డాక్యుమెంటరీ మన దగ్గర తీయాలనుకునేవాళ్లకు చెబుతున్నాను, ముందు ఆంప్లిఫయర్‌లో గెయిన్, అంటే గిటార్ సిగ్నల్‌ను పెంచే మీట, తగ్గించండి. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చీల్చడం) ఎక్కువైతే కొట్టిన దెబ్బ అంచు కరిగిపోతుంది. అందుకే పవర్ కార్డ్‌లో, అంటే మెటల్‌లో కలిపి మోగించే స్వరాల్లో, షడ్జం, పంచమం చాలు; గాంధారం కలిస్తే బురద. ఒక్క గిటార్‌నే మందం చేయబోకుండా, అదే రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కను) రెండుసార్లు విడిగా వాయించి ఎడమ, కుడి పెట్టండి. కాపీ చేస్తే వెడల్పు రాదు. మైకు స్పీకర్ కోన్ నడిమధ్యన పెడితే ఈలలా కోస్తుంది, రెండు అంగుళాలు అంచువైపు జరపండి. వేదిక దగ్గర ఫోన్‌తో రికార్డు చేస్తే శబ్దం పగిలిపోతుంది, ఆ పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు.

యాంకర్: చెవుల సంగతి?

సౌండ్ రికార్డిస్ట్: 100 డెసిబెల్స్ దగ్గర రోజుకు 15 నిమిషాలే భద్రం. ఫోమ్ ప్లగ్గును సన్నగా నలిపి, చెవి పైభాగం పట్టి లాగి దూర్చాలి. అది ఉబ్బేదాకా, అర నిమిషం, వేలితో అదిమి ఉంచాలి. చాలామంది ఈ అర నిమిషమే వదిలేస్తారు.