సెలవులకి వైజాగ్ వస్తే పిట్టల ఫొటోలు: తెల్లకొంగ ఎందుకు సున్నం ముద్దలా వస్తోంది?

నమస్కారం అండీ! ఊరికి వస్తూ సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన పెద్ద లెన్సు కూడా సర్దుకునేవాళ్ల కోసం ఈ వీడియో. విడి లిథియం బ్యాటరీలు మాత్రం చెకిన్ లగేజీలో వేయొద్దు, క్యాబిన్ బ్యాగులోనే తెచ్చుకోవాలి. మే, జూన్‌లో వచ్చేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని తెల్లారే బయట ఉక్కలో తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. రాత్రే బ్యాగుని హాల్లో పెట్టేస్తే సరి. మర్చిపోయారా, జిప్పు తీయకుండా ఓ ముప్పావుగంట ఆగండి. డిసెంబర్‌లో ఈ బాధ తక్కువ, పైగా వలస పిట్టలూ ఉంటాయి.

ఇప్పుడు భీమిలి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్నాం. వైజాగ్‌లో సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కాబట్టి పొద్దున్న పూట సముద్రాన్ని వీపు వెనక పెట్టుకుని లోపలి నీళ్ల వైపు తిరగాలి. అప్పుడు ఎండ సూటిగా పిట్ట మీద పడుతుంది. సాయంత్రం దీనికి తిరగేసి. తొమ్మిది దాటాక ఇసుక వేడెక్కి గాలి అలలు అలలుగా కదులుతుంది. దూరంగా ఉన్న పిట్ట ఎంత ఖరీదైన లెన్సుకైనా మసకగానే వస్తుంది. దాన్ని ఫోకస్ తప్పు అనుకుని సెట్టింగులు కెలకొద్దు. పిట్టకి దగ్గరవ్వడమో, ఇంటికెళ్లి ఇడ్లీ తినడమో, రెండే దారులు.

స్క్రీన్ మీద ఫొటో చూడండి. చిన్న తెల్లకొంగ. ముక్కు నలుపు, కాళ్లు నలుపు, వేళ్లు మాత్రం పసుపు. ఒళ్లంతా సున్నం ముద్దలా ఉంది, ఒక్క ఈక కూడా విడిగా కనిపించడం లేదు. వెనక నీళ్లు నల్లగా ఉన్నాయి కదా, ఫ్రేములో ఎక్కువ భాగం నలుపే చూసిన కెమెరా వెలుతురు పెంచేసింది, ఆ దెబ్బకి కొంగ కాలిపోయింది, అంటే వివరాలన్నీ పోయి ఒట్టి తెలుపే మిగిలింది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కగట్టిన వెలుతురుని మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. తెలుపు కాలిన చోట మిణుకుమిణుకుమనే హైలైట్ హెచ్చరిక ఆన్‌లో పెట్టుకోండి. రా ఫైలులో (కెమెరా పట్టిన సమాచారమంతా ఉంచే ఫార్మాట్) తీసినా పూర్తిగా కాలిన తెలుపులోంచి ఈకలు తిరిగి రావు. ఆకాశం ముందు కూర్చున్న కాకికి ఇదే లెక్క తలకిందులు, ప్లస్ 1 పైన పెట్టాలి.

ఇదే ఫొటోని ఫొటోగ్రఫీ బాగా తెలిసిన నలుగురికి చూపిస్తే ఎక్స్‌పోజర్ తర్వాత అనే మాటలు దాదాపు ఇవే: పై నుంచి కిందికి తీశావు, కొంగ తల అటు తిప్పుకుంది, నీటి గీత వంకరగా ఉంది, ముక్కు ముందు ఖాళీ లేదు. వీటిలో ఎడిటింగ్‌తో పోయేది నీటి గీత ఒక్కటే. మిగతావి మళ్లీ ఒడ్డుకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంటేనే పోతాయి. అందుకే ఒక్కో ఉదయం ఒక్క తప్పునే పట్టుకోమంటాం. ఇవాళ కంటి ఎత్తు, రేపు తల తిరిగిన దిక్కు.

అన్నట్టు, ‘సూపర్ అన్నయ్యా’ అని ఫ్యామిలీ గ్రూపులో పడే బొటనవేళ్లు ఫీడ్‌బ్యాక్ కాదు. ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గించి నొక్కేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. క్రాప్ చేసినదీ (అంచులు కోసినదీ), చేయనిదీ రెండూ పెట్టి, షట్టర్ వేగం, అపర్చర్ (లెన్సు రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి), ఎంత దూరం నుంచి తీశారో రాయండి. ‘ఎలా ఉంది?’ అని కాదు, ‘కన్ను ఎందుకు పదునుగా రాలేదు?’ అని అడగండి.

ఆ ప్రశ్నకి జవాబు చాలాసార్లు లెక్కలోనే ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 600 ఎంఎం లెన్సు, అపర్చర్ ఎఫ్ 6.3, పిట్ట 8 మీటర్ల దూరం: ముందూ వెనకా కలిపి పదునుగా ఉండే మందం 6–7 సెంటీమీటర్లే. లకుముకి పిట్ట మనకి ఎదురుగా తిరిగితే ముక్కు కొస మీద ఫోకస్ పడి కన్ను మసకబారుతుంది. పక్షి కన్ను గుర్తించే ఫోకస్ ఉంటే వాడండి, లేకపోతే చిన్న పాయింటు కంటి మీదే పెట్టండి. కూర్చున్న పిట్టకి షట్టర్ 1/1000 సెకను చాలు, ఎగిరేదానికి 1/2500 కావాలి. ఐఎస్ఓ 3200కి వెళ్తే భయపడకండి. నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) తగ్గించొచ్చు, కదిలిపోయిన కన్నుని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా తిరిగి తేలేదు.

ఇక క్రాప్ ఆశ. 24 మెగాపిక్సెల్ ఫొటోని పొడవులో సగం, వెడల్పులో సగం కోస్తే మిగిలేది 6 మెగాపిక్సెల్. ఫోన్‌లో ముచ్చటగా ఉంటుంది, ఫ్రేము కట్టించి గోడకి పెట్టాలంటే ఆనదు. షార్పెనింగ్ (ఎడిటింగ్‌లో పెట్టే పదును) పెంచేకొద్దీ ఈకల చుట్టూ తెల్లటి గీత వస్తుంది, తెలిసినవాళ్లు మొదట పట్టుకునేది అదే.

కంటి ఎత్తు సులువుగా దొరికే చోటు కొండకర్ల ఆవ అనే సరస్సు. దోనె ఎక్కితే తామరాకుల మీద నడిచే జకానా పిట్ట మన ముఖానికి ఎదురుగానే ఉంటుంది. ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేయండి, దోనె ఊపంతా దానికి ఎక్కుతుంది. మోచేతులు మోకాళ్లకి ఆనించి 1/2000 పెట్టండి. దోనె నడిపే ఆయనకి ముందే చెప్పండి: ‘బాబాయ్, పిట్టకి సూటిగా వద్దు, పక్కగా పోనీ.’ సూటిగా వెళ్తే లేచిపోతుంది, ఇక మిగిలేది తోక ఫొటోనే. గూళ్ల జోలికి వెళ్లొద్దు, ఫోన్‌లో కూతలు వినిపించి పిలవొద్దు. నగరంలో నేవీ ప్రాంతాల వైపు పెద్ద లెన్సు అస్సలు ఎత్తొద్దు.